ట్యూబా వాయించే వారిని ఏమని పిలవాలి?



ఏటా జనవరి 29న న్యూఢిల్లీలోని విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ కార్యక్రమం జరుగుతుంది. త్రివిధ దళాల బ్యాండ్లు కవాతు చేస్తూ సంగీతం వినిపించడం మీలో చాలామంది టెలివిజన్‌లో చూసే ఉంటారు. సైనిక బ్యాండ్లలోను, పోలీసు బ్యాండ్లలోను అన్నిటికంటె పెద్దదిగా, అన్నిటికంటె మంద్రంగా పలికే ఇత్తడి వాద్యం ఒకటి ఉంటుంది. అది ట్యూబా, లేదా దాని కుటుంబానికి చెందిన మరొక వాద్యం.

వీణ వాయించే వారిని వైణికులు అంటాం. మృదంగం వాయించే వారిని మార్దంగికులు అంటాం. ఇంగ్లీషు మాటలే తీసుకుంటే వయొలిన్ వాయించేవారు వయొలినిస్టు, పియానో వాయించేవారు పియానిస్టు. మరి ట్యూబా వాయించే వారిని ఏమని పిలవాలి?

ఇది క్విజ్ పోటీలో అడిగే చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కాని దీని వెంట వెళితే ఒక భాష మాటలను ఎలా తయారు చేసుకుంటుందో తెలుస్తుంది. ఒక మనిషికి మనం పెట్టే పేరులో ఎంత గౌరవం ఉంటుందో, ఆ పేరు ఎవరిని కలుపుకుంటుందో, ఎవరిని బయట నిలబెడుతుందో కూడా తెలుస్తుంది. ఈ పాఠంలో ఈ విషయాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

ట్యూబా అంటే ఏమిటి?

ముందుగా వాద్యాన్ని పరిచయం చేసుకుందాం. ట్యూబా ఒక ఇత్తడి సుషిర వాద్యం. సుషిర వాద్యం అంటే గాలి ఊది పలికించేది. గిన్నె ఆకారంలో ఉండే మౌత్‌పీస్‌కు పెదవులు ఆనించి, వాటిని అదిరేటట్లు ఊదితే గొట్టంలోని గాలి స్తంభం కంపిస్తుంది. గొట్టం ఎంత పొడవుంటే స్వరం అంత మంద్రంగా ఉంటుంది. ట్రంపెట్ గొట్టం పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. అదే బి-ఫ్లాట్ ట్యూబా గొట్టాన్ని చుట్టలు విప్పి నిటారుగా చాపితే సుమారు 18 అడుగులు, అంటే ఐదున్నర మీటర్లు ఉంటుంది. మీ తరగతి గది గోడ పొడవుతో పోల్చి చూడండి.

వాద్యానికి అమర్చిన వాల్వులను నొక్కినప్పుడు గాలి అదనపు గొట్టాలలోకి మళ్లుతుంది. ఆ మేరకు గొట్టం పొడవు పెరిగి స్వరం దిగుతుంది. వేళ్లతో చేసే ఈ పనితోపాటు పెదవుల బిగువును మార్చడం ద్వారా వాయించేవారు స్వరాలన్నిటినీ పలికిస్తారు.

సంగీత వాద్యాలలో చాలావాటికి పుట్టిన తేదీ చెప్పలేం. వీణ ఏ రోజున పుట్టింది అంటే ఎవరు చెప్పగలరు? ట్యూబా విషయం వేరు. ప్రష్యా సైనిక బ్యాండ్ల నిర్వాహకుడు విల్‌హెల్మ్ వీప్రెహ్ట్, బెర్లిన్‌లో వాద్యాలు తయారు చేసే యోహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్జ్ కలిసి ఐదు వాల్వుల బాస్ ట్యూబాను రూపొందించారు. దీనికి 1835 సెప్టెంబరు 12న పేటెంటు లభించింది. అంతకుముందు బ్యాండ్లలోను, ఆర్కెస్ట్రాలలోను మంద్ర స్వరాల కోసం సర్పెంట్, ఆఫిక్లైడ్ అనే వాద్యాలను వాడేవారు. సర్పెంట్ అంటే పాము. పేరుకు తగినట్లే అది పాములా వంకరలు తిరిగి ఉండేది. ట్యూబా వచ్చిన తరువాత ఈ రెండూ క్రమంగా వెనుకబడ్డాయి. ఫ్రెంచి సంగీతకర్త బెర్లియోజ్ 1830లో రచించిన ‘సింఫనీ ఫాంటాస్టిక్’లో ఆఫిక్లైడ్ కోసం రాసిన భాగాలను ఇప్పుడు ఎక్కువగా ట్యూబా మీదనే వాయిస్తున్నారు.

పాత పేరు, కొత్త వాద్యం

వాద్యం 1835 నాటిదే అయినా ‘ట్యూబా’ అనే మాట రెండు వేల ఏళ్లకు పైబడినది. లాటిన్ భాషలో ‘టూబా’ అంటే ఒక రకమైన యుద్ధ బాకా. అది కంచుతో చేసిన, నిటారుగా ఉండే పొడవైన కొమ్ము. ‘టూబుస్’ అంటే గొట్టం. మనం రోజూ వాడే ‘ట్యూబు’ అనే మాట కూడా అక్కడి నుంచి వచ్చినదే.

రోమన్ సైన్యంలో ముందుకు సాగమనీ, వెనుకకు తగ్గమనీ సూచించడానికి ఈ బాకాను ఊదేవారు. ఊదే సైనికుణ్ని ‘టూబికెన్’ అనేవారు. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది టూబా. రెండవది గానం చేయడం, స్వరం పలికించడం అనే అర్థమున్న ‘కనేరె’ అనే లాటిన్ ధాతువు. కాబట్టి టూబికెన్ అంటే ‘బాకాతో పలికించేవాడు’ అని అర్థం. ఇదే పద్ధతిలో ‘కార్నూ’ అనే వంపు కొమ్మును ఊదేవాడు ‘కార్నికెన్’ అయ్యాడు.

అయితే మన ప్రశ్నకు జవాబు దొరికినట్లేనా? లేదు. రోమన్ల టూబా వేరు, ఇప్పటి ట్యూబా వేరు. ఒకటి నిటారు బాకా, మరొకటి చుట్టలు తిరిగిన మంద్ర వాద్యం. బెర్లిన్ వాద్యానికి పాత పేరు వచ్చింది గాని, వాయించేవారికి టూబికెన్ అనే పాత బిరుదు రాలేదు. వారికి కొత్త మాట కావలసి వచ్చింది.

ట్యూబిస్టా, ట్యూబయిస్టా?

ఇంగ్లీషులో వాద్యకారులకు పేర్లు పెట్టే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది, వాద్యం పేరు చివర ‘అర్’ చేర్చడం: డ్రమ్మర్, ట్రంపెటర్, పైపర్, ఫిడ్లర్. ఇది పాత పద్ధతి. రెండవది, ‘ఇస్ట్’ చేర్చడం: పియానిస్ట్, వయొలినిస్ట్, గిటారిస్ట్. ఈ ప్రత్యయం గ్రీకులో పుట్టి, లాటిన్, ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మూడవది, ఏ ప్రత్యయమూ లేకుండా వాద్యం పేరు పక్కన ‘ప్లేయర్’ అని పెట్టడం.

ట్యూబాకు ‘ఇస్ట్’ చేర్చాలంటే ఒక చిక్కు వస్తుంది. మాట చివర ‘ఆ’ అనే అచ్చు ఉంది. దాన్ని తీసివేయాలా, ఉంచాలా? వయోలా వాయించేవారు వయోలిస్ట్ అయ్యారు. అక్కడ చివరి అచ్చు పోయింది. పియానోలోను, చెల్లోలోను ‘ఓ’ పోయి పియానిస్ట్, చెల్లిస్ట్ అయ్యాయి. కాని బాంజో వాయించేవారు బాంజోయిస్ట్. అక్కడ ‘ఓ’ నిలిచింది. అంటే ఇంగ్లీషులో దీనికి అన్నిచోట్లా నడిచే సూత్రం లేదు.

అందువల్ల ట్యూబాకు రెండు రూపాలు వాడుకలోకి వచ్చాయి. అచ్చు పోతే ట్యూబిస్ట్, అచ్చు ఉంటే ట్యూబయిస్ట్. రెండూ నిఘంటువులకు ఎక్కాయి. రెండింటిలో దేన్ని వాడినా తప్పు కాదు. అయితే ఆ వాద్యం వాయించేవారిలో ట్యూబిస్ట్ అనే రూపమే ఎక్కువగా వినిపిస్తుంది. చాలామంది ఈ వాదన జోలికి పోకుండా ‘ట్యూబా ప్లేయర్’ అంటారు.

ఇలాంటి తగాదా వేణువు విషయంలోనూ ఉంది. ఫ్లూట్ వాయించేవారు ఫ్లూటిస్టా, ఫ్లాటిస్టా? ఫ్లూటిస్ట్ అనేది 17వ శతాబ్దం నుంచి ఉన్న మాట. ఇటాలియన్ ‘ఫ్లౌతిస్తా’ ప్రభావంతో వచ్చిన ఫ్లాటిస్ట్ 19వ శతాబ్దం నాటిది. కాని రెండవదే అసలైనదని, మొదటిది తెలియనివారు వాడేదని నమ్మేవారు ఉన్నారు. కొత్తగా, గంభీరంగా వినిపించే రూపం పాత రూపాన్ని తప్పుగా చూపించడం భాషలో తరచుగా జరిగేదే.

ఇటాలియన్ భాషలో మరో ఇబ్బంది ఉంది. అక్కడ ‘తుబిస్తా’ అంటే పైపులు అమర్చే పనివాడు అనే అర్థం ముందే స్థిరపడి ఉంది. ట్యూబా వాయించేవారిని అలా పిలిస్తే నీళ్ల పైపు బాగుచేయడానికి వచ్చారనుకునే ప్రమాదం ఉంది! అందుకే అక్కడ ‘ట్యూబా వాయించేవారు’ అని విడమరిచి చెప్పడం కూడా ఉంది.

పాణిని ఇచ్చిన వెసులుబాటు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. వాద్యం పేరు నుంచి వాద్యకారుని పేరు ఎలా పుడుతుందన్న ప్రశ్నను సుమారు క్రీస్తుపూర్వం 5-4 శతాబ్దాల నాటి పాణిని తన ‘అష్టాధ్యాయి’లో పట్టించుకున్నాడు. నాలుగవ అధ్యాయం నాలుగవ పాదంలో దీనికి సూత్రం ఉంది. ఒక విద్య ఎవరికి శిల్పమో, అంటే నేర్పుతో చేసే కళో, వారిని చెప్పడానికి ‘ఇక’ అని ముగిసే రూపం వస్తుంది. మొదటి అచ్చు వృద్ధి పొందుతుంది. అలా వీణ నుంచి వైణికుడు, మృదంగం నుంచి మార్దంగికుడు, వేణువు నుంచి వైణవికుడు ఏర్పడ్డాయి.

దాని వెంటనే ఉన్న సూత్రం మనకు మరీ ఆసక్తికరమైనది. మడ్డుకం, ఝర్ఝరం అనే రెండు వాద్యాలకు పాణిని రెండేసి రూపాలు అంగీకరించాడు. మడ్డుకం వాయించేవాణ్ని మాడ్డుకుడు అనవచ్చు, మాడ్డుకికుడు అని కూడా అనవచ్చు. ఝర్ఝరం వాయించేవాడు ఝార్ఝరుడు, లేదా ఝార్ఝరికుడు. ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అని ఆయన తీర్పు చెప్పలేదు. జనం నోట రెండూ ఉన్నాయి కనుక రెండింటికీ చోటిచ్చాడు.

ట్యూబిస్ట్, ట్యూబయిస్ట్ వాదనకు ఇంతకంటె మంచి సమాధానం ఏముంటుంది? వ్యాకరణం రాసేవారు భాషకు యజమానులు కారు; దాని లెక్కలు నమ్మకంగా రాసే వారు మాత్రమే. సరదాకు పాణిని సూత్రాన్ని మన వాద్యానికి అన్వయిస్తే ‘టౌబికుడు’ అనే మాట తయారవుతుంది. సూత్రం ప్రకారం సరైనదే కాని, దాన్ని ఎవరూ వాడరు. సూత్రం మాటను పుట్టించగలదు, దాన్ని బతికించవలసింది వాడేవారే.

ఒకే వాద్యం, వేర్వేరు పిలుపులు

వాద్యం ఒకటే అయినా వాయించే చోటును బట్టి పిలుపు మారుతుంది. బ్రిటన్‌లో గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే కార్మికులు పెంచిన బ్రాస్ బ్యాండు సంప్రదాయం ఒకటి ఉంది. ఆ బ్యాండ్లలో ట్యూబాను ట్యూబా అనరు, ‘బాస్’ అంటారు. వాయించే వ్యక్తి ‘బాస్ ప్లేయర్’. అదే వ్యక్తి సింఫనీ ఆర్కెస్ట్రాలో కూర్చుంటే ‘ట్యూబా ప్లేయర్’ అవుతాడు. ఎందుకంటే ఆర్కెస్ట్రాలో బాస్ అనగానే నిలబెట్టి వాయించే పెద్ద తంత్రీ వాద్యం గుర్తుకు వస్తుంది.

కవాతులో నడుస్తూ వాయించడానికి వీలుగా, శరీరం చుట్టూ చుట్టుకుని భుజం మీద ఆనేటట్లు తయారైన రూపం సూసాఫోన్. అమెరికన్ బ్యాండు నాయకుడు జాన్ ఫిలిప్ సూసా సూచన మేరకు 1890లలో దీన్ని తయారు చేశారు. ఇక్కడ వాద్యం మనిషి పేరు తెచ్చుకుంది. మన దగ్గర దీనికి ఎదురు దారిలో జరిగిన ఉదాహరణ ఉంది. విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని జనం ‘ఫిడేలు నాయుడు’ గారు అని పిలుచుకున్నారు. అక్కడ మనిషి వాద్యం పేరు తెచ్చుకున్నాడు.

పిలుపులో గౌరవం

ఇప్పటివరకు మాట సరైనదా కాదా అని చూశాం. ఇక మాట మర్యాదగా ఉందా అని చూద్దాం.

ఉత్తర భారతంలో తబలా వాయించే వారిని ‘తబల్చీ’ అనేవారు. ‘చీ’ అనేది తుర్కీ భాష నుంచి వచ్చిన ప్రత్యయం. ఖజాంచీ, బావర్చీ అనే మాటల్లో దాన్ని మనమూ ఎరుగుదుం. ప్రత్యయంలో చిన్నచూపు ఏమీ లేదు. కాని తబలా వాయించే కళాకారులను సమాజం తక్కువగా చూడడంతో ఆ చిన్నచూపు మాటకు కూడా అంటుకుంది. కళాకారులు ఆ మాటను ఇష్టపడలేదు. ఆ స్థానంలో ‘తబలా నవాజ్’, ‘తబలా వాదక్’ వంటి మాటలు వచ్చాయి. చేసే పని మారలేదు, పిలుపు మారింది.

సంస్కృత నిఘంటువు ‘అమరకోశం’ మరో సాక్ష్యం. అందులో వాద్యాల పేర్లు మొదటి కాండలోని నాట్యవర్గంలో ఉన్నాయి. ఆ వాద్యాలు వాయించే మార్దంగికులు, వైణవికులు, వైణికులు మాత్రం రెండవ కాండలో, శూద్రవర్గంలో ఉన్నారు. మొదటి కాండ స్వర్గం మాటతో మొదలవుతుంది. అంటే వీణకు దొరికిన చోటు వైణికునికి దొరకలేదు. వ్యాకరణం కళాకారునికి చక్కని పేరు ఇచ్చింది, సమాజం ఆ పేరును ఎక్కడ రాయాలో నిర్ణయించింది.

మన ఊళ్లలోనూ ఇది కనిపిస్తుంది. కచేరీ వేదిక మీద కూర్చున్నవారు ‘విద్వాంసులు’, పెళ్లి ఊరేగింపులో నడిచేవారు ‘మేళంవాళ్లు’. ఇద్దరూ ఏళ్ల తరబడి సాధన చేసినవారే. డప్పు కొట్టేవాడు అనడం తగ్గి ‘డప్పు కళాకారుడు’ అనడం పెరిగిందంటే, అది ఒక్క మాట మారడం కాదు, చూపు మారుతున్నదనడానికి గుర్తు.

ట్యూబాకు ఈ అనుభవం మరో విధంగా ఎదురైంది. అది జాతి భేదమో కుల భేదమో కాదు, హేళన. పెద్ద ఆకారం, బొంగురు స్వరం కారణంగా దాన్ని నవ్వు పుట్టించే వాద్యంగా చూశారు. 1940లలో పాల్ ట్రిప్ రాసి, జార్జ్ క్లైన్‌సింగర్ సంగీతం కూర్చిన ‘టబ్బీ ద ట్యూబా’ అనే పిల్లల కథలో, ఎప్పుడూ వెనుక తాళం వేయడమే తప్ప ఒక్క పాట కూడా తనకు రాలేదని ట్యూబా బాధపడుతుంది. ఆ కథలోని కోరిక త్వరలోనే నెరవేరింది. ఆంగ్ల సంగీతకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ 1954లో ట్యూబా ప్రధాన వాద్యంగా కన్‌చెర్టో రచించారు. అదే ఏడాది జూన్‌లో లండన్‌లో దాన్ని ఫిలిప్ కేటలినెట్ తొలిసారి వాయించారు. వెనుక వరుసలో ఉన్న వ్యక్తి లేచి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

పేరులో చోటు దొరకనివారు

1973లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు సందర్భంగా ట్యూబా వాద్యకారులు తమ సంఘాన్ని స్థాపించుకున్నారు. దానికి ‘ట్యూబిస్ట్స్ యూనివర్సల్ బ్రదర్‌హుడ్ అసోసియేషన్’ అని పేరు పెట్టుకున్నారు. నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే ‘ట్యూబా’ అవుతుంది. ఎంత చమత్కారమైన పేరో చూడండి! తమను తాము ట్యూబిస్టులమని పిలుచుకున్నారన్నది కూడా గమనించండి.

కాని ‘బ్రదర్‌హుడ్’ అంటే సోదర సంఘం. మరి సోదరీమణుల సంగతి? సంఘం పుట్టడానికి ముందే, 1950లలోనే కాన్‌స్టాన్స్ వెల్డన్ అనే మహిళ ప్రసిద్ధ ఆర్కెస్ట్రాలతో ట్యూబా వాయించారు. అలాగే ట్యూబాకు చిన్న తోబుట్టువు లాంటి యూఫోనియం అనే వాద్యం వాయించేవారికి కూడా ఆ పేరులో చోటు లేదు. అక్షరాలు చక్కగా కుదిరాయి గాని, మనుషులు కొందరు బయట మిగిలారు.

2000లో సంఘం తన పేరు మార్చుకుంది. ‘ఇంటర్నేషనల్ ట్యూబా యూఫోనియం అసోసియేషన్’ అయింది. ఆ చమత్కారం పోయింది. బదులుగా యూఫోనియం పేరులోకి వచ్చింది, ‘సోదర’ అనే హద్దు తొలగింది. తరువాత 2006లో కెరల్ జాంష్ అనే యువతి ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో ప్రధాన ట్యూబా వాద్యకారిణిగా ఎంపికయ్యారు. అప్పటికి ఆమె ఇంకా విశ్వవిద్యాలయ విద్యార్థినే. పేరు మార్చినందువల్లనే ఆమె ఎంపికయ్యారని కాదు. ఆమె సాధన ఆమెదే. కాని అలాంటివారు చేరే సంఘం తన పేరులోనే వారికి తలుపు మూసి ఉంచకూడదు కదా.

తెలుగులో ఏమందాం?

ట్యూబాకు తెలుగు పేరు వెతకవలసిన అవసరం లేదు. ఫిడేలు, క్లారినెట్ మనవి అయినట్లే ట్యూబా కూడా ఆ పేరుతోనే వస్తుంది. వాయించే వారికి మాత్రం మన దగ్గర మాటలకు కొదవ లేదు. ‘ట్యూబా వాద్యకారుడు’, ‘ట్యూబా వాద్యకారిణి’ అనవచ్చు. ఆడామగా తేడా చెప్పనవసరం లేనప్పుడు ‘ట్యూబా వాద్యకారులు’ అనే గౌరవ రూపం చక్కగా సరిపోతుంది. మాటల్లో అయితే ‘ట్యూబా వాయించేవారు’, ‘ట్యూబా ఊదేవారు’ అన్నా నిండుగానే ఉంటుంది. ‘వాడు’ అనకుండా ‘వారు’ అనడంలోనే సగం మర్యాద ఉంది. ఇంగ్లీషు మాటే వాడదలిస్తే ట్యూబిస్టు అనండి. ఎవరైనా ట్యూబయిస్టు అంటే నవ్వకండి, అదీ ఒప్పే.

మన ఆకాశవాణి, దూరదర్శన్ కచేరీల ప్రకటనల్లో మరో మంచి పద్ధతి ఉంది. ‘వయొలిన్ సహకారం ఫలానా వారు, మృదంగ సహకారం ఫలానా వారు’ అంటారు. అక్కడ వృత్తి నామం లేదు. వాద్యం పేరు, మనిషి పేరు, మధ్యలో సహకారం అనే మాట, అంతే.

విద్యార్థులారా, ఈ పాఠంలో మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, వాద్యకారుని పేరు వ్యాకరణ సూత్రం నుంచి పుట్టవచ్చు గాని వాడుకతోనే బతుకుతుంది. రెండు, ఒకే పనికి రెండు ఒప్పు రూపాలు ఉండవచ్చు. రెండవది వినగానే తప్పని తోసిపుచ్చకూడదు. మూడు, మాట సరైనదైతే చాలదు, అది ఎవరిని ఉద్దేశించినదో వారికి అందులో గౌరవమూ చోటూ ఉండాలి. అనుమానం వచ్చినప్పుడు అందరికంటె సులభమైన మార్గం ఒకటుంది: ‘మిమ్మల్ని ఏమని పరిచయం చేయమంటారు?’ అని ఆ కళాకారులనే అడగండి.

ఆలోచించండి – చేసి చూడండి

1. మీ ఊళ్లో వాడుకలో ఉన్న 5 వాద్యాల పేర్లు రాయండి. వాటిని వాయించే వారిని ఏమని పిలుస్తారో పక్కన రాయండి. ఆ మాటల్లో గౌరవాన్ని సూచించేవి ఏవి, చులకనను సూచించేవి ఏవి?

2. సన్నాయి, డోలు, డప్పు వాయించే కళాకారులలో ఒకరిని కలిసి, తమను ఏమని పిలిస్తే వారికి ఇష్టమో తెలుసుకోండి.

3. సితార్, సరోద్, హార్మోనియం, మోర్‌సింగ్ వాయించే వారికి తెలుగులో ఏ మాటలు వాడుకలో ఉన్నాయి? ఒకటికంటె ఎక్కువ రూపాలు ఉన్నవి ఏవి?